గోతాలు అరవై, చేలు మూడు

ఈ వ్యవహారం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. తెనాలికి ఆనుకుని అంగలకుదురు దారిలో ఒక మినప్పప్పు మిల్లు. మా నాన్నగారి పేరు మీద ఒక ట్రస్టు. ఆ ట్రస్టు కింద తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో తలా రెండు గదులు, గదికొక కౌన్సెలర్. మనసు బాగాలేనివాళ్ళు వచ్చి వారానికోసారి కూర్చుని వెళ్ళే చోటు అది. ఆ గదుల్లో జరిగేదాని మీద పరిశోధన చేస్తున్న మా చెల్లెలి కూతురు భువనేశ్వరి. ఆఖరున, ఇంట్లో మాట్లాడటం మానేసిన భార్య.

భార్యను ఆఖరున వేశానని ఎవరైనా తప్పు పట్టవచ్చు. కొట్లో ఖరీదైన సరుకు ఎప్పుడూ లోపలి అరలోనే ఉంటుంది.

రాఘవమ్మ మాట్లాడటం మానేసిందంటే మూగనోము పట్టిందని కాదు. "అన్నం పెట్టనా", "పాలవాడొచ్చాడు", "తలుపేసుకోండి", ఈ మాటలు ఉన్నాయి. మిగతావే పోయాయి. పొన్నూరులో ఉండే వాళ్ళ అక్క అనసూయ క్రితం ఏడు చనిపోయింది. అప్పటినుంచి రాఘవమ్మ నన్ను ఎత్తిపొడవడం ఆపేసింది. పెళ్ళయిన నాటినుంచీ రోజుకొకసారైనా నన్నొక మాట అననిదే ఆవిడకు పొద్దుగూకేది కాదు. మొదట్లో ఇల్లు ప్రశాంతంగా ఉందనుకుని సంతోషించాను. రానురాను అది ప్రశాంతత కాదని, కొట్టు మూసేసినప్పటి నిశ్శబ్దమని తెలిసింది. పని మాత్రం ఒక్కపూట ఆపలేదు. అందరికంటే ముందు లేచేది, వండేది, కడిగేది, మడతలు పెట్టేది. అన్నీ అయ్యాక వసారాలో కూర్చుని గోడకేసి చూసేది.

"అత్తయ్యని ఎవరి దగ్గరికైనా పంపుదాం మావయ్యా" అంది భువన.

తెనాలి గదులకు రానంది రాఘవమ్మ. "మిల్లు పూర్ణచంద్రరావు గారి పెళ్ళానికి పిచ్చంట అని మార్కెట్ యార్డు దాకా చెప్పుకుంటారు" అంది. అందుకని బాపట్ల కుదిర్చాం. రైలెక్కితే ఎంతోసేపు పట్టదు. అక్కడ శ్రుతి అనే అమ్మాయి ముందు కూర్చోబెట్టాం. నేను బయట బెంచీ మీద కూర్చుని ఫోనులో మినుముల ధరలు చూసుకునేవాణ్ణి.

ఇక భువన పరిశోధన. మూడు ఊళ్ళలోనూ ఒక గదిలో ఒక పద్ధతి, పక్క గదిలో ఇంకో పద్ధతి నడిచేది. ఒకటి మాటల పద్ధతి. మనిషి లోపల తిరిగే ఆలోచనను బయట పెట్టించి, అందులో నిజమెంతో ఇద్దరూ కలిసి తూచుకోవడం. రెండోది పనుల పద్ధతి. దిగులుతో మానేసిన పనులను కొంచెం కొంచెంగా మళ్ళీ మొదలుపెట్టించడం. వచ్చినవాళ్ళు ఏ గదిలోకి వెళ్ళాలో చీటీ తీసి చెప్పేవారు. గదికి ఇరవై మంది, అంటే పద్ధతికి అరవై మంది. మొదట ఒకసారి, చివర ఒకసారి దిగులు కొలిచే ప్రశ్నలు అడిగి మార్కులు వేస్తారు. మార్కు తగ్గితే మనిషికి నయమైనట్టు. ఏ పద్ధతి మంచిదో తేలితే మూడు ఊళ్ళలోనూ దానికే ట్రస్టు పెట్టుబడి పెడుతుందని నేను ముందే మాటిచ్చాను. రాఘవమ్మ ఈ నూట ఇరవై మందిలో లేదు. పెట్టుబడిదారు ఇంటిమనిషి లెక్కలో ఉండకూడదని భువన మొదట్లోనే పక్కన పెట్టింది.

ఒక ఆదివారం భువన లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"ఏది గెలిచింది?" అన్నాను.

"ఇది కోడిపందెం కాదు మావయ్యా. మాటల పద్ధతిలో సగటున నాలుగు మార్కులు తగ్గింది. పనుల పద్ధతిలో ఆరు."

"అయితే ఆరు."

"ఆగు, ఆగు. ఇది పైపై లెక్క. కౌన్సెలర్ల వారీగా ఇంకా విడదీయలేదు. అది చేస్తే గానీ ఏం చెప్పలేం."

"విడదీసేదేముంది? ఇటు అరవై మంది, అటు అరవై మంది. నూట ఇరవై మంది సాక్ష్యం చెప్పాక కోర్టే ఒప్పుకుంటుంది."

"కొంచెం ఓపిక పట్టు మావయ్యా."

ఓపిక పట్టి మినుములు కొన్నవాడిని నేనెక్కడా చూడలేదు. ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ వారంలోనే రెండు పనులు చేశాను. మాటల పద్ధతి కౌన్సెలర్లు ముగ్గురికీ ఫోను చేసి, వచ్చే నెలనుంచి ఆ పద్ధతి ఆపేస్తున్నామని, పనుల పద్ధతి నేర్చుకుంటే ఉండవచ్చని, లేకపోతే వేరే చోటు చూసుకోమని చెప్పాను. రెండో పని, రాఘవమ్మను శ్రుతి గదిలోంచి పక్క గదిలోకి మార్పించాను. గోడ ఒకటే, తలుపు వేరు.

ఆ సంగతి చెప్పినప్పుడు రాఘవమ్మ కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"శ్రుతి దగ్గర బానే ఉందండి" అంది.

"బాగుంటే చాలదు. పక్క గదిలో ఆరు."

"ఏంటి ఆరు?"

"మార్కులు. శ్రుతి చేసే పద్ధతిలో నాలుగే."

చేట ఆపి నా మొహం చూసింది. "కిలోకా?" అంది.

ఆ మాట విన్నప్పుడే నేను ఆగవలసింది. ఏడాదికి పైగా ఎండిపోయిన బావిలో ఊరిన మొదటి చెంబెడు నీళ్ళవి. నాకు అప్పుడు తోచలేదు. పైగా, "నీకు వ్యాపారం తెలియదులే" అన్నాను. మళ్ళీ చేట చెరగడం మొదలుపెట్టింది.

పక్క గదిలో ఉన్నది విజయసారథి అనే కుర్రాడు. మంచివాడు, శ్రద్ధ గలవాడు. వారం వారం చేయవలసిన పనులు రాసిచ్చేవాడు. పొద్దున కాసేపు నడవండి, మొక్కలకు నీళ్ళు పోయండి, ఎవరైనా చుట్టాలకు ఫోను చేయండి. రాఘవమ్మ ఒక్కటి కూడా వదలకుండా చేసింది. బ్యాంకు వాయిదా కట్టినట్టు చేసింది. నడిచి వచ్చి "నడిచాను" అనేది. నీళ్ళు పోసి "పోశాను" అనేది. చుట్టాలకు ఫోను చేసి, "బాగున్నారా, బాగున్నాం, ఉంటాను" అని పెట్టేసేది. నేను ఆ పనులన్నీ చూసి మురిసిపోయాను. తెలివి గలవాడినైతే మనిషిని చూసి ఉండేవాణ్ణి. ఆ నెల తిరగకుండానే, "ఇంక బాపట్ల వద్దండి. మోకాళ్ళు లాగుతున్నాయి" అని పడుకుంది. దీపం పెట్టే వేళకు పడుకోవడం అంతకుముందు ఆవిడకు లేదు.

నేను భువనకు ఫోను చేసి గట్టిగానే అడిగాను. "మీ ఆరు మార్కుల పద్ధతి ఇదేనా?"

"ఏం చేశావు మావయ్యా?" అంది.

చెప్పాను. ఫోను పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే దిగింది. కాఫీ కూడా తాగకుండా నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తిడతాను, కానీ ముందు ఒక బేరం చెప్తాను. నీ మిల్లుకి కొత్త విత్తనం మినుములు అరవై గోతాలు, పాత విత్తనం అరవై గోతాలు వచ్చాయి. ఆడించి చూస్తే కొత్తదానికి పప్పు ఎక్కువ దిగింది. వచ్చే ఏడు అందరినీ కొత్త విత్తనమే వెయ్యమంటావా?"

"ఎవరి చేలోవి?" అన్నాను.

"ఎవరివైతే ఏంటి? అరవై గోతాలున్నాయిగా."

"ఉంటే? నగరం మండలం వైపు ఒక్క రైతు చేలోవే ఇరవై గోతాలు వస్తాయి. ఒక గోతం మచ్చు తీస్తే మిగతావి కూడా ఇంచుమించు చూసినట్టే. ఒకటే నేల, ఒకటే చెయ్యి. కొత్త విత్తనం ఎంతమంది వేశారో చెప్పు."

"ముగ్గురు."

"ఓసి పిచ్చిదానా, అయితే నువ్వు చూసింది అరవై కాదు, మూడు. గోతాలు అరవై, చేలు మూడు. అందులో ఒకడు గట్టి సేద్యగాడనుకో, వాడి పనితనం విత్తనం పద్దులో పడిపోతుంది. ఈ మాత్రం తెలియకుండా కొనేవాడు రెండేళ్ళలో మిల్లుకి తాళం వేసుకుంటాడు."

భువన బుద్ధిగా తల ఊపింది. ఆ పిల్ల అంత తేలిగ్గా ఒప్పుకుందంటే నాకు భయం. వంటింటి గుమ్మం దగ్గర రాఘవమ్మ కూడా నిలబడి ఉంది.

"నా దగ్గర కూడా ముగ్గురే మావయ్యా" అంది భువన. "పద్ధతికి ముగ్గురు కౌన్సెలర్లు. నువ్వేమో గోతాలు లెక్కపెట్టావు."

నలభై ఏళ్ళ వ్యాపారంలో నన్ను నా కాటాలోనే తూచినవాళ్ళు లేరు. ఆ రోజు ఇరవై ఏడేళ్ళ పిల్ల తూచింది.

లాప్‌టాప్ తెరిచి చూపించింది. తెర మీద ఆరు చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో కౌన్సెలర్. పేర్లు లేవు, ఊళ్ళు లేవు. మాటల పద్ధతి వాళ్ళు ముగ్గురూ మూడు, నాలుగు, ఐదు దగ్గర ఉన్నారు. పనుల పద్ధతి వాళ్ళలో ఇద్దరు నాలుగు దగ్గరే ఉన్నారు. మూడో చుక్క ఒక్కటీ పైన, పది దగ్గర, జాతరలో తప్పిపోయినట్టుంది.

"ఈ పది లేకపోతే?" అన్నాను.

"రెండు పద్ధతులూ నాలుగే. కానీ తీసెయ్యకూడదు, అదీ నిజమే కదా. ఆ పది పద్ధతి వల్ల వచ్చిందా, మనిషి వల్ల వచ్చిందా, ఆ గదికి చీటీ పడినవాళ్ళ వల్ల వచ్చిందా అనేది ముగ్గురితో తేలదు. నూట ఇరవై మందినీ ఎవరికి వారుగా లెక్కేస్తే తేడా గట్టిగా ఉన్నట్టు కనపడుతుంది. ఎవరు ఎవరి దగ్గర కూర్చున్నారో చూసి లెక్కేస్తే ఆ గట్టితనం కరిగిపోతుంది."

"మరి నీ థీసిస్?"

"పనుల పద్ధతి మేలని మురిసిపోతూ రాసుకున్న అధ్యాయం కొట్టేశాను. తేల్చలేకపోయాం, పద్ధతుల కంటే కౌన్సెలర్ల మధ్యే తేడా ఎక్కువ కనపడింది, ఇంకా చాలామంది కౌన్సెలర్లతో చూడాలి అని రాస్తున్నా."

"నష్టానికి అమ్ముకుంటున్నావన్నమాట."

"కల్తీ లేకుండా అమ్ముకుంటున్నా" అంది. కళ్ళు తుడుచుకోలేదు గానీ, తుడుచుకోవలసినంత పని ఉన్నట్టే అనిపించింది.

నేను వెంటనే రెండో బేరంలోకి దిగాను. "సరే, ఆ పది మార్కుల వాళ్ళెవరో చెప్పు. మీ అత్తయ్యని అక్కడికి తీసుకెళ్తాను."

"చెప్పను."

"నేను ట్రస్టు అధ్యక్షుణ్ణే!"

"అందుకే చెప్పను. ఒక్క పంట చూసి నువ్వు ఒకళ్ళకి సన్మానం చేస్తావు, ఇంకొకళ్ళకి ఉద్యోగం పీకుతావు. సగం పీకేశావు కూడా."

భువన చెప్పకపోతే కనుక్కోలేనివాడినా? ఆరు గదుల్లో అయిదింటినుంచి ఎప్పుడూ ఏ కబురూ రాదు. ఒక్క రేపల్లెలోని ఏసమ్మ గది నుంచే బయట ఇంకో నాలుగు కుర్చీలు కావాలని కబురు వచ్చింది. మరుసటి పొద్దున రేపల్లె రైలెక్కాను.

ఏసమ్మకు యాభై ఉంటాయి. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, తర్వాత సైకాలజీ చదివి ఇటు వచ్చింది. కుర్చీలన్నీ నిండి, ఇద్దరు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం భోజనం వేళకు గానీ నన్ను లోపలికి పిలవలేదు.

"అధ్యక్షులు గారు వస్తే కుర్చీలొచ్చాయనుకున్నానండి. వట్టి చేతులతో వచ్చారే" అంది క్యారియర్ విప్పుతూ.

సంగతి చెప్పాను. ఎంత దూరమైనా తీసుకొస్తానన్నాను, వారానికి ఎన్నిసార్లయినా అన్నాను.

"ఉండండన్నయ్యగారూ. ఆవిడగారు ఇంట్లో పనులు ఆపేశారా?"

"లేదమ్మా. ఒక్కపూట ఆపలేదు."

"మరి నేనేం చెప్పేది? నా దగ్గరికొచ్చేవాళ్ళు చాలామంది చేపల బుట్ట దించేసి, పొయ్యి మానేసి పడుకున్నవాళ్ళు. లేపి బుట్ట ఎత్తిస్తే సగం ప్రాణం లేచొస్తుంది. ఆవిడ బుట్ట దించనే లేదు కదండీ. అందరికీ ఒకటే కొలత అయితే నాతో పనేంటి, గోడకి కాగితం అంటిస్తే చాలు." కూర వాసన గదంతా పట్టింది. చేపల పులుసు. నాకూ పెట్టబోయింది, వద్దన్నాను, పెట్టింది.

"అయినా తీసుకురండి, చూస్తాను. నెల దాకా ఖాళీ లేదు" అంది. తర్వాత చేయి కడుక్కుంటూ, "ఇంతకీ ఆవిడగారు ఎవరి దగ్గరికి వెళ్తానంటున్నారు?" అంది.

"మంచివాళ్ళ దగ్గరికి" అన్నాను.

"అది మీరంటున్నారు. ఆవిడ?"

వచ్చేటప్పుడు రైల్లో ఆ ప్రశ్న నా పక్కనే కూర్చుని వచ్చింది. బేరంలో ఇద్దరుంటారు, కొనేవాడూ అమ్మేవాడూ. ఈ బేరంలో నేనే రెండు వైపులా నిలబడ్డాను. సరుకును అడగడం మిల్లులో మాకు అలవాటు లేదు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని అడిగాను. "నువ్వు ఎవరి దగ్గరికి వెళ్తావు?"

రాఘవమ్మ నేను మళ్ళీ ఏదో లెక్క చెప్తానేమోనని చూసింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అది నాకు చేతకాని పని అని ఆవిడకూ తెలుసు.

"శ్రుతి దగ్గరికి" అంది చివరికి. "ఆ పిల్ల తొందర పెట్టదండి. అక్క గురించి ఒక్క మాట చెప్పి పది నిమిషాలు ఊరుకున్నా, ఆ పది నిమిషాలూ అలాగే కూర్చునుంటుంది. రెండో మాట చెప్దామనుకుంటుండగా మీరు గది మార్చారు."

రేపల్లెలో పది మార్కుల మనిషిని చూసి వచ్చినవాడిని. అది వదులుకుని, మూడో నాలుగో అయిదో తెలియని చోటికి వెళ్ళాలి. ఒక వ్యాపారికి ఇంతకంటే నష్టపు బేరం ఉండదు. నోటిదాకా వచ్చిన మాట మింగి, "సరే" అన్నాను.

కానీ శ్రుతి అప్పటికే వేరే చోటు చూసుకుంటోంది. నేను చెప్పిన గడువుకు వారం కూడా లేదు. బాపట్ల వెళ్ళేసరికి గదిలో పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. రాఘవమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను. మిగతా ఇద్దరికీ ఫోను చేసి మాట వెనక్కి తీసుకున్నానని, శ్రుతికి మాత్రం స్వయంగా చెప్పడానికి వచ్చానని చెప్పాను.

"ఏంటి సార్, మాటల సరుకుకి మళ్ళీ ధర పెరిగిందా?" అంది శ్రుతి.

"లేదమ్మా. నేనే తప్పు తూకం వేశాను."

"గుంటూరులో ఒక కాలేజీ వాళ్ళు రమ్మంటున్నారు సార్. దాదాపు ఒప్పుకున్నాను."

నేను జీతం గురించి మొదలుపెట్టబోయాను. అంతలో రాఘవమ్మ తలుపు తోసుకుని వచ్చింది. నా వంక చూడనైనా చూడలేదు.

"అమ్మాయ్, ఆయన మాటలకేం గానీ, నేను చెప్పాల్సింది ఇంకా ఉంది" అంది.

శ్రుతి చేతిలో పుస్తకాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత పెట్టెలో కాకుండా బల్ల మీద పెట్టి, "కూర్చోండమ్మా" అంది. నాకు తలుపు చూపించింది. బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు ధరలు చూడబుద్ధి కాలేదు. లోపలినుంచి మాట వినపడలేదు, వినపడకూడదు కూడా. ఒకసారి మాత్రం ఏడుపు వినిపించింది. అది రాఘవమ్మదే. అక్క పోయిన రోజు కూడా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ కాఫీలు అందించిందే గానీ ఏడవలేదు.

శ్రుతి గుంటూరు వాళ్ళకు రానని చెప్పేసింది. అలా వానాకాలం అంతా తిరిగాం. ఒక రోజు బాపట్ల స్టేషన్లో రైలు ఆలస్యమైతే నేను జామకాయలు కొన్నాను. రాఘవమ్మ ఒకటి కొరికి, "గింజలు కొన్నారేంటండీ, కాయ దొరకలేదా? మినుములు కూడా ఇలాగే కొంటారా?" అంది. పక్కన ఉన్నావిడ నవ్వింది. జామకాయలమ్మే మనిషికి కోపం వచ్చింది. నేను ఇంకో కిలో కొన్నాను.

భువన పట్టా వచ్చిన రోజు ఇంటికి వచ్చింది. పరీక్ష చేసినవాళ్ళు ఆ కొట్టేసిన అధ్యాయం స్థానంలో ఉన్నదాన్నే ఎక్కువసేపు అడిగారట, బాగుందన్నారట. ఆ మధ్యే శ్రుతి మళ్ళీ ప్రశ్నలడిగి మార్కులు వేసింది. రాఘవమ్మ ఆ కాగితం తెచ్చి నా చేతికే ఇచ్చింది. పంతొమ్మిది నుంచి ఎనిమిదికి వచ్చింది. పదకొండు తగ్గింది.

"చూశావా" అన్నాను భువనతో, "నీ పది మార్కుల వాళ్ళని కూడా దాటింది. ఇప్పుడు చెప్పు. ఈ పదకొండులో పద్ధతికి ఎంత, శ్రుతికి ఎంత, గడిచిన కాలానికి ఎంత, రైలు ప్రయాణాలకి ఎంత?"

"ఒక్క మనిషితో అది విడదీయలేం మావయ్యా. అన్నీ కలిసే వచ్చాయి. ఏది ఎంతో చెప్పాలంటే చాలామంది కౌన్సెలర్లు కావాలి, ఒక్కొక్కరి దగ్గర చాలామంది కావాలి."

"పోనీ సుమారుగా. నా వాటా కూడా కొంత ఉంటుంది కదా, అన్నిసార్లు బెంచీ మీద కూర్చున్నాను."

రాఘవమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "అమ్మడూ, ఆయన వాటా ఆయన అడుగుతున్నాడు కదా, సున్నా చుట్టి ఇచ్చెయ్. గది మార్చినందుకు ఎదురు బాకీ పడాల్సింది, పాపం ముసలాడని వదిలేస్తున్నాం."

భువన నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది.

ఆఖరి లెక్క ఇది. రెండు పద్ధతులూ ఉన్నాయి, ఆరుగురూ ఉన్నారు. ఈసారి లెక్క తేలేందుకు ఇంకా కొందరు కౌన్సెలర్లను తీసుకుంటున్నాం. వచ్చినవాళ్ళను మూడో వారం పిలిచి, ఈ మనిషి దగ్గర కుదిరిందా, గది మారతారా అని అడుగుతున్నాం. ఆ ఆరు చుక్కల్లో శ్రుతి ఏదో భువన ఈనాటికీ చెప్పలేదు, నేనూ అడగడం మానేశాను. రాఘవమ్మ విషయంలో వచ్చిన లాభం పదకొండు, ఎవరి వాటా ఎంతో తేలలేదు. నాది మాత్రం సున్నా అని ఇంట్లో తీర్పయింది. కలిపి చూసుకున్నాను. ఆ సున్నాతో కూడా మొత్తం పదకొండే.